శ్రీరంగపట్నం లంకలో ఇంటిల్లిపాదీ సైకిల్ తొక్కడానికి వీలైన దారి ఏది?

బెళ్ళందూరు వాసి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేము బెంగళూరులో బెళ్ళందూరు దగ్గర ఉంటున్నాము. జనవరి నెలాఖరున ఒక శని, ఆదివారాల్లో శ్రీరంగపట్నం వెళ్ళి, కావేరి రెండు పాయల మధ్య ఉన్న ఆ లంకను సైకిళ్ళ మీద తిరిగి చూడాలని ఇంట్లో అందరమూ అనుకుంటున్నాము. దారి గురించి అడిగే ముందు మా బృందం ఎలాంటిదో చెప్పాలి, ఎందుకంటే చిక్కంతా అక్కడే ఉంది.

నేను వారానికి రెండు మూడుసార్లు ముప్పై, నలభై కిలోమీటర్లు తొక్కుతాను. నా భార్య పెళ్ళికి ముందు గుంటూరులో కాలేజీకి సైకిల్ మీదే వెళ్ళేది కాని, ఆ తరువాత పదిహేనేళ్ళు దాని ముఖం చూడలేదు. ఈ మధ్యనే అపార్ట్‌మెంటు ఆవరణలో మళ్ళీ మొదలుపెట్టింది. పాపకు తొమ్మిదేళ్ళు. గేర్లు లేని 20 అంగుళాల చక్రాల సైకిల్ ఉంది కాని, ఆదివారాలు కబ్బన్ పార్కులో వాహనాలను ఆపినప్పుడు తొక్కడమే తప్ప రోడ్డు అనుభవం లేదు. నాన్నగారికి అరవై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు రెండూ అరిగాయి. అయినా నడక కంటే సైకిలే సుఖంగా ఉందంటారు, డాక్టరుగారు కూడా ఎత్తులు ఎక్కనంతవరకు తొక్కవచ్చని చెప్పారు. ఇక మా బావమరిదికి రెటినైటిస్ పిగ్మెంటోసా వల్ల చూపు క్రమంగా తగ్గిపోయి, ఇప్పుడు వెలుగు చీకట్ల తేడా మాత్రమే తెలుస్తుంది. మా అందరిలోకీ కాళ్ళలో బలం ఉన్నవాడు అతడే. అతడి కోసం ఇద్దరు తొక్కే జంట సైకిల్ ఒకటి అద్దెకు తీసుకుందామని చూస్తున్నాము.

గత ఏడాది నేనూ నాన్నగారూ "అన్ని స్థాయుల వారికీ" అని ప్రకటించిన ఒక సామూహిక సవారీకి వెళ్ళాము. గంట గడిచేసరికి ముందున్నవారు కనుచూపు మేరలో లేరు. వారు ఆగి టీ తాగిన చోటికి మేము చేరేసరికి వారు గ్లాసులు కడిగించి బయలుదేరుతున్నారు. నిదానంగా వచ్చినవారికి విశ్రాంతే లేకుండా పోయింది. అటువంటి అనుభవం మా ఇంట్లో ఎవరికీ మళ్ళీ కలగకూడదన్నది నా పట్టుదల.

అందువల్ల అడుగుతున్నాను. నది ఒడ్డునే లంక చుట్టూ తిరిగి రావడానికి దారి ఉన్నదా? ఉంటే అది ఎన్ని కిలోమీటర్లు, పాప తొక్కగలదా? సైకిళ్ళను బెంగళూరు నుంచి ఎలా తీసుకువెళ్ళడం మంచిది? జంట సైకిల్ మీద చూపు లేని వ్యక్తిని కూర్చోబెట్టుకొని తొక్కినవారు ఎవరైనా ఉంటే వారి సలహా కూడా కావాలి.


కావేరి గట్టు రాసిన సమాధానం:

నేను జయనగరంలో ఉంటాను; ఎనిమిదేళ్ళుగా ఏడాదికి రెండు మూడుసార్లు ఆ లంకకు వెళుతూనే ఉన్నాను. మా అమ్మాయిని మొదటిసారి రోడ్డు మీద తొక్కించింది కూడా అక్కడే.

ముందుగా మీ మొదటి ప్రశ్నకు సూటిగా చెబుతాను. నది ఒడ్డునే చుట్టూ తిరిగి వచ్చే దారి లేదు. పటంలో చూస్తే లంక చక్కగా పడవ ఆకారంలో, తూర్పు పడమరలుగా ఐదు కిలోమీటర్ల పొడవున, మధ్యలో ఒకటిన్నర కిలోమీటరు వెడల్పున కనబడుతుంది కనుక చుట్టి రావాలని ఎవరికైనా అనిపిస్తుంది. కాని ఒడ్డున చాలా చోట్ల వరి మడులు, చెరకు తోటలు, స్నానఘట్టాలు, ఎవరివో సొంత స్థలాలు అడ్డు వస్తాయి. కాలువ గట్ల మీద బాటలు ఉన్న మాట నిజమే, అవి తొక్కడానికి బాగానే ఉంటాయి కూడా. అయితే అవి కొంత దూరం పోయి ఏ మోటారు షెడ్డు దగ్గరో ఆగిపోతాయి, పైగా తుమ్మ ముళ్ళ బెడద ఉంటుంది. ఒకసారి ఒకే ఉదయం మూడు ట్యూబులు మార్చిన తరువాత, గట్టు మీదికి పిల్లలను తీసుకుపోవడం మానుకున్నాను.

చుట్టుదారి లేకపోవడమే మీకు మంచిదని నా అభిప్రాయం. చుట్టుదారిలో సగం దూరం వెళ్ళాక ఎవరికైనా ఓపిక అయిపోతే, ముందుకు పోయినా వెనక్కి పోయినా అంతే దూరం మిగులుతుంది. శ్రీరంగపట్నంలో ఉన్నది వెన్నెముక వంటి ఒకే దారి: పడమటి కొసన కోట, అక్కడినుంచి తూర్పుగా దరియా దౌలత్ తోట, గంజాం ఊరు, గుంబజ్, చివరన రెండు పాయలూ తిరిగి కలిసే సంగమం. కోట నుంచి సంగమం దాకా ఇంచుమించు నాలుగు కిలోమీటర్లు. చాలామంది కారును కోటలో గుడి దగ్గర నిలిపి అక్కడినుంచి బయలుదేరుతారు, అది పొరపాటు. మీరు దరియా దౌలత్ దగ్గర నిలపండి. అప్పుడు పడమటి వైపు కోటకు ఒక కిలోమీటరు పైచిలుకు, తూర్పు వైపు సంగమానికి మూడు కిలోమీటర్లు. రోజంతా తిరిగినా మీ ఇంట్లో ఎవరూ ఏ క్షణంలోనూ కారుకు మూడు కిలోమీటర్లకు మించి దూరంలో ఉండరు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి ఆ లెక్క తెలిసి ఉండటమే సగం బలం.

దరియా దౌలత్ 1784లో టిప్పు సుల్తాను కట్టించిన వేసవి భవనం. లోపల తోటలో చెట్ల నీడ, కూర్చోవడానికి పచ్చిక ఉంటాయి. గోడల మీద 1780 నాటి పొల్లిలూరు యుద్ధం చిత్రించి ఉంటుంది. ఆ పొల్లిలూరు కాంచీపురానికి దగ్గరలోనిదే కనుక చెన్నై మిత్రులకు ఆసక్తి కలగవచ్చు. ఆ యుద్ధంలో టిప్పు చేతిలో ఓడిన ఇంగ్లీషు సేనాని బెయిలీ దళం మధ్యలో పేలిపోతున్న మందుగుండు బండిని వెతికి చూపించమని పిల్లలకు చెబితే అరగంట అలసట తెలియకుండా గడిచిపోతుంది. సైకిళ్ళను బయటే తాళాలు వేసి ఉంచాలి కాబట్టి ఒక పొడవాటి గొలుసు తీసుకువెళ్ళండి. అన్నిటినీ కలిపి కట్టవచ్చు.

అక్కడినుంచి గంజాం మీదుగా గుంబజ్ వరకు రోడ్డు దాదాపు చదునుగా ఉంటుంది. గంజాం అనగానే మన ఉత్తరాంధ్ర వారికి ఒడిశా జిల్లా గుర్తుకు వస్తుంది కాని, ఇది వేరు. ఒకప్పుడు అంజూర పండ్లకు పేరుపడిన ఊరు. నదికి ఆనుకొని నిమిషాంబ గుడి ఉన్నది ఈ ఊళ్ళోనే. అమావాస్య రోజున ఆ గుడికి వచ్చే కార్లూ బస్సులతో రోడ్డు నిండిపోతుంది కాబట్టి పంచాంగం చూసుకొని బయలుదేరండి. మీరు అనుకుంటున్న జనవరి నెలాఖరులో రథసప్తమి పడితే రంగనాథస్వామి రథోత్సవం కూడా అప్పుడే. దర్శనానికైతే అంతకంటే మంచి రోజు లేదు, సైకిళ్ళకు మాత్రం వద్దు.

గుంబజ్ లో హైదర్ అలీ, ఆయన భార్య, టిప్పు సమాధులు ఉన్నాయి. దాని చుట్టూ ఉన్న నల్లరాతి స్తంభాలు ఎండలో కూడా చల్లగా ఉంటాయి. అక్కడినుంచి సంగమం సుమారు ఒక కిలోమీటరు. సంగమం దగ్గర నీళ్ళలోకి దిగవద్దు; పైకి నిదానంగా కనబడినా అడుగున ప్రవాహం బలంగా ఉంటుంది, అక్కడ మునిగి చనిపోయినవారు ఉన్నారు. వర్షాకాలంలో కృష్ణరాజసాగర్ గేట్లు ఎత్తితే ఘట్టాలే మునిగిపోతాయి. మీరు వెళ్ళేది జనవరి కనుక ఆ భయం లేదు.

చెప్పవలసిన ఇబ్బందులు రెండు. ఒకటి, ఊళ్ళలో రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు. రెండవది, చెరకు ట్రాక్టర్లు. మండ్య జిల్లాలో చెరకు నరికే రోజులలో ట్రాలీ వెడల్పును మించి రెండు పక్కలా గడలు పొడుచుకు వచ్చి ఉంటాయి. వెనుకనుంచి ట్రాక్టరు చప్పుడు వినగానే రోడ్డు దిగి నిలబడటం అలవాటు చేయండి. పాప ఎడమ పక్కన, ఆమెకు వెనుకగా కొంచెం కుడివైపు జరిగి పెద్దవారు ఒకరు ఉండాలి. పక్కపక్కన కాదు, ముందు అంతకంటే కాదు. ముందున్నవారికి పిల్లలు ఏం చేస్తున్నారో కనబడదు.

నాన్నగారి సంగతి. సీటు ఎత్తు సరిచూడండి. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. పెద్దవారు కాళ్ళు నేలకు ఆనాలని సీటును బాగా దించుకుంటారు, దానివల్ల మోకాలి మీద భారం పెరుగుతుంది. బరువైన గేరులో నెమ్మదిగా తొక్కడం కంటే తేలిక గేరులో వేగంగా కాళ్ళు తిప్పడమే మోకాళ్ళకు మంచిది. అడ్డు కడ్డీ లేని సైకిల్ అయితే ఎక్కడం, దిగడం సులభం. మోటారు సాయం ఉన్న సైకిల్ ప్రయత్నించాలనుకుంటే, 250 వాట్ల లోపు మోటారుతో, గంటకు 25 కిలోమీటర్ల వేగం దాటనివాటికి మన దేశంలో రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కరలేదు.

మీకు మాత్రం ఈ దూరం చాలదు, నాకు తెలుసు. తెల్లవారుజామున అందరూ లేవకముందే ఒక్కరే కరిఘట్టకు వెళ్ళి రండి. ఉత్తరపు పాయ దాటి, లోకపావని అనే ఏరు కావేరిలో కలిసే చోటికి దగ్గరలో ఉన్న కొండ అది. పైన నల్లరాతి శ్రీనివాసుడి గుడి ఉంది. మెట్ల దారి, ఘాటు రోడ్డు రెండూ ఉన్నాయి. కింది నేల నుంచి వంద మీటర్లకు పైగా ఎక్కాలి. పైనుంచి చూస్తే లంక మొత్తం, రెండు పాయలతో సహా కనబడుతుంది. లేదా దక్షిణపు పాయ దాటి రంగనతిట్టుకు వెళ్ళవచ్చు. 17వ శతాబ్దంలో కట్టిన ఆనకట్ట వల్ల ఏర్పడిన చిన్న చిన్న తిప్పల మీద పక్షులు గూళ్ళు కడతాయి. సలీం అలీ సూచనతో 1940లో దానిని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు, 2022లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. దూరం మూడు నాలుగు కిలోమీటర్లే అయినా మధ్యలో పాత మైసూరు రోడ్డును దాటాలి కాబట్టి పాపను సైకిల్ మీద తీసుకుపోవద్దు. కారులో వెళ్ళి పడవ ఎక్కించండి.


పాత పట్టాలు రాసిన సమాధానం:

పైన చెప్పినదానితో దాదాపుగా ఏకీభవిస్తున్నాను. కోట విషయంలో మాత్రం ఒక హెచ్చరిక అవసరం. కోట లోపల సైకిళ్ళ మీద తిరగవద్దు, నడవండి. ద్వారాల దగ్గర రోడ్డు ఇరుకు. ఆటోలు, యాత్రికుల బస్సులు, కొబ్బరిబోండాల బండ్లు అన్నీ అక్కడే కలుస్తాయి. పైగా బెంగళూరు–మైసూరు రైలు మార్గం కోటను చీల్చుకొని పోతుంది. ఆ మార్గాన్ని జంట పట్టాలుగా మార్చడానికి అడ్డు వచ్చిందని టిప్పు కాలపు ఆయుధాగారం ఒకదానిని 2017లో కూలగొట్టకుండా మొత్తంగా ఎత్తి పక్కకు జరిపారు. ఇంజనీరింగ్ చదివినవారు ఎవరైనా మీ ఇంట్లో ఉంటే, టిప్పు నేలకొరిగిన చోటు కంటే దీనినే ఎక్కువసేపు చూస్తారు. ఇవన్నీ నడిచి చూడవలసినవే. నాన్నగారు నడవలేకపోతే గుడి వరకు కారులో దింపండి. 984లో గంగరాజుల కాలంలో కట్టిన గుడి, శ్రీరంగంలోని అంత్యరంగడి కంటే ముందుగా దర్శించవలసిన ఆదిరంగడు.

సైకిళ్ళను రైలులో తీసుకుపోవాలంటే పార్సిల్ కార్యాలయంలో బుక్ చేసి సామాను పెట్టెలో వేయించాలి. లంకలోనే శ్రీరంగపట్నం స్టేషను ఉంది కాని అక్కడ రైళ్ళు ఆగేది కొద్దిసేపు. ఇన్ని సైకిళ్ళు దించుకోవడానికి ఆ సమయం చాలదు. మైసూరు దాకా బుక్ చేసి వెనక్కి రావడం నయం. మీకు జంట సైకిల్ కూడా ఉంది కాబట్టి, నన్నడిగితే రైలు మాట మరచిపోయి, కారు పైకప్పు మీద స్టాండు అమర్చుకోండి.

ఇంకొక్క మాట. మీలో బలమైనవారు ఎవరైనా బెంగళూరు నుంచే తొక్కుకుంటూ రావాలని ఉబలాటపడవచ్చు. ఎక్స్‌ప్రెస్ హైవే ప్రధాన మార్గం మీదికి 2023 ఆగస్టు 1 నుంచి ద్విచక్ర వాహనాలను, సైకిళ్ళను రానివ్వడం లేదు. బిడది, రామనగర, చన్నపట్టణ, మద్దూరు, మండ్య మీదుగా సర్వీసు రోడ్డే గతి. మద్దూరులో వడ కోసం ఆగితే ఆ తరువాత కాళ్ళు కదలవని స్వానుభవం.


వెనుక సీటు రాసిన సమాధానం:

నమస్తే. నాకు పుట్టుకతోనే చూపు లేదు. మల్లేశ్వరంలో ఉంటాను; ఆరేళ్ళుగా జంట సైకిల్ వెనుక సీటు మీద తొక్కుతున్నాను. ఈ పోస్టును, సమాధానాలను ఫోను చదివి వినిపిస్తుంటే విన్నాను. మీ బావమరిది కోసం కొంత, ముందు సీటులో కూర్చోబోయే మీ కోసం కొంత రాస్తున్నాను.

జంట సైకిల్ మీద రెండు జతల పెడళ్ళూ ఒకే గొలుసుతో కలిసి ఉంటాయి. మీరు కాళ్ళు ఆపితే అతడి కాళ్ళూ ఆగుతాయి. అందుచేత చెప్పకుండా తొక్కడం ఆపకండి, చెప్పకుండా గేరు మార్చకండి, చెప్పకుండా బ్రేకు వేయకండి. మాటలు ముందే కుదుర్చుకోవాలి. మేము వాడేవి నాలుగే: "తొక్కు", "వదులు", "గతుకు", "ఆగు". స్పీడ్ బ్రేకరు వస్తున్నదని తెలిస్తే వెనుకనున్న మనిషి సీటు మీదనుంచి కొద్దిగా లేచి కాళ్ళ మీద బరువు వేసుకుంటాడు. తెలియకపోతే ఆ దెబ్బంతా నడుముకే. రంగు వేయని స్పీడ్ బ్రేకర్లున్నాయని పైన చదివాను కనుక దీనిని నొక్కి చెబుతున్నాను. మీరు చూడకుండా దాటించిన ప్రతి గతుకూ అతడికి గుర్తుంటుంది, మీకు ఉండదు.

బయలుదేరేటప్పుడు ముందున్నవారు సైకిల్‌ను రెండు కాళ్ళ మధ్య గట్టిగా పట్టుకొని, బ్రేకులు బిగించి నిలబడాలి. వెనుకవారు ఎక్కి, పెడళ్ళను సరైన చోటికి తిప్పుకొని, "సరే" అన్న తరువాతే కదలాలి. ఆగేటప్పుడు ముందువారు కాలు ఆనించిన తరువాతే వెనుకవారు దిగాలి. జంట సైకిల్ పొడవు ఎక్కువ కనుక ఇరుకు రోడ్డు మీద ఒక్కసారిగా వెనక్కి తిప్పడం కుదరదు; దిగి తిప్పుకోవాలి. ఇవన్నీ ముందుగా మీ అపార్ట్‌మెంటులో రెండు మూడు సాయంత్రాలు సాధన చేయండి. మొదటి రోజు ముందు సీటువారికే ఎక్కువ భయం వేస్తుంది. వెనుకనున్నవారి బరువు వంపులో ఎటు మొగ్గుతుందో తెలియక భుజాలు బిగపట్టుకుంటారు. అది సహజమే, రెండో రోజుకు పోతుంది.

దారి ఎంపికలో మా వంటివారికి ఏది బాగుంటుందో కూడా చెప్పనివ్వండి, దీనిని సాధారణంగా ఎవరూ అడగరు. దృశ్యాలు మారినా మారకపోయినా చప్పుళ్ళు, వాసనలు మారే దారి కావాలి. హైవే సర్వీసు రోడ్డు మీద వంద కిలోమీటర్లు తొక్కినా నాకు ఒకే హోరు. శ్రీరంగపట్నంలో అలా ఉండదు. బెల్లం వండే ఆలెమనె దగ్గరికి వస్తున్నామని అది కనబడకముందే మాకు తెలుస్తుంది. తోటల మధ్యకు రాగానే చెంపకు తగిలే గాలి చల్లబడుతుంది, కాలువ పక్కన వెళుతున్నంతసేపూ నీటి చప్పుడు ఒకే చెవికి వినబడుతుంది. గుంబజ్ లోపల గోపురం కింద మాట్లాడితే గొంతు పైకి వెళ్ళి తిరిగి వస్తుంది; అక్కడ మీ బావమరిదిని ఒక నిమిషం నిలబడనివ్వండి. ఆ నల్లరాతి స్తంభాలను చేతితో తడిమితే నునుపు తెలుస్తుంది.

వివరించి చెప్పండి కాని క్రికెట్ వ్యాఖ్యానంలాగా ఆపకుండా చెప్పకండి. అప్పుడప్పుడు ఊరుకోవడం కూడా అవసరం. ఇంకొకటి, అతడు మీ అందరిలోకీ బలవంతుడన్నారు. అయితే అతడిని మీ వెనుకనే కూర్చోబెట్టి, అందరితోపాటు నిదానంగా లాగించవద్దు. ఉదయం మీరు కరిఘట్టకు పోతే అతడినీ తీసుకుపొండి.


అడయారు గాలి రాసిన సమాధానం:

చెన్నై నుంచి రాస్తున్నాను. అడగనిదే చెబుతున్నందుకు మన్నించాలి; ద్వీపం, సైకిలు అనగానే మా ఊరివారు రామేశ్వరం పేరు ఎత్తుతారు, రేపో మాపో మీకూ ఎవరో ఒకరు చెబుతారు. రామేశ్వరం నుంచి ధనుష్కోడి మీదుగా అరిచల్ మునై వరకు, 1964 తుపానులో కొట్టుకుపోయిన ఊరి శిథిలాల పక్కగా పోయే ఆ రోడ్డు బల్లపరుపుగా, తిన్నగా, రెండు వైపులా సముద్రంతో చూడముచ్చటగా ఉంటుంది. చదునుగా ఉన్నది కనుక అందరూ తొక్కగలరని నేను కూడా అనుకొని మా అత్తగారిని, పిల్లలను తీసుకుపోయాను. సముద్రపు గాలి పక్కనుంచి నెట్టుతూనే ఉంది, చెట్టు నీడ లేదు, మధ్యలో తిరిగిపోదామంటే ఆగడానికి చోటు లేదు. పిల్లల తేలిక సైకిళ్ళు గాలికి రోడ్డు మధ్యకు జరిగిపోతుంటే గుండె అదిరింది. చివరికి వ్యాను పిలిపించుకున్నాము. ఎత్తుపల్లాలు లేని దారి వేరు, తేలికైన దారి వేరు అని ఆ రోజు మా అత్తగారు పదిసార్లు వినిపించారు.

గోదావరి లంకల్లో పుట్టిన నాకు అసలు కోనసీమ కాలువ గట్ల మీద కొబ్బరి నీడలో తొక్కడమే ఇష్టం. కాని బెంగళూరువారికి రెండు రోజుల్లో తేలే పని కాదది. శ్రీరంగపట్నమే సరైనది.


బెళ్ళందూరు వాసి మూడు వారాల తరువాత రాసినది:

అందరికీ కృతజ్ఞతలు. రథసప్తమి, అమావాస్య రెండూ తప్పించుకొని వెళ్ళి వచ్చాము. ఏం జరిగిందో రాస్తే తరువాత వెళ్ళేవారికి పనికివస్తుందని రాస్తున్నాను.

కారును దరియా దౌలత్ దగ్గర నిలపమన్న సలహా అన్నిటికంటే ఎక్కువగా పనికివచ్చింది. నిజానికి నాన్నగారు కారు దగ్గరికి ఒక్కసారి కూడా రాలేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి పోవచ్చన్న ధైర్యంతో సంగమం దాకా వెళ్ళి, గుంబజ్ వరకు వచ్చి, మళ్ళీ సంగమానికి వెళ్ళివచ్చారు. మోటారు సాయం ఉన్న సైకిల్ తీసుకున్నాము కాని ఆయన దానిని వాడింది రెండు చోట్లే. మిగతా దూరమంతా "ఇది నా కాళ్ళా, దాని కాళ్ళా" అని అడుగుతూ మీట ఆపేసి తొక్కారు. సీటును రెండు అంగుళాలు పైకి లేపినందుకు మొదట కోప్పడ్డారు. రాత్రి మోకాళ్ళు వాయలేదు, దానితో ఆ కోపం పోయింది.

ఇబ్బంది పడినది నా భార్య, అది నేను ఊహించనిది. తొక్కడానికి ఓపిక ఉంది, రోడ్డు మీద ఎదురుగా బస్సు వస్తే మాత్రం చేతులు బిగుసుకుపోయి సైకిల్ దిగిపోయేది. పాప మూడోసారి, "అమ్మా, ముందు చక్రాన్ని చూడకు, దూరంగా చూడు" అని చెప్పింది. కబ్బన్ పార్కులో నేను పాపకు చెప్పిన మాటే అది. గంజాం దాటిన తరువాత ఇద్దరూ ఒకరి వెనుక ఒకరు మాకంటే ముందుకు పోయారు. పాప సైకిల్‌కు గేర్లు లేకపోవడం వల్ల ఏ ఇబ్బందీ రాలేదు. చిన్న చక్రాలు కనుక మా కంటే ఎక్కువసార్లు తొక్కవలసి వచ్చింది, దానికి పరిహారంగా అంజూర పండ్లు అడిగింది. దొరకలేదు, చెరకు రసంతో సరిపెట్టాము. చెరకు ట్రాక్టర్లు మూడు ఎదురయ్యాయి. మూడుసార్లూ రోడ్డు దిగి నిలబడ్డాము.

జంట సైకిల్ విషయంలో వెనుక సీటుగారు చెప్పిన నాలుగు మాటలనే వాడాము. మొదటి స్పీడ్ బ్రేకరు చెప్పడం మరచిపోయాను, అది అతడికి ఇప్పటికీ గుర్తున్నది. మరునాడు తెల్లవారుజామున మేమిద్దరమూ కరిఘట్టకు బయలుదేరాము. ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు అతడి బలమేమిటో నాకు తెలిసింది. నేను ఊపిరి అందక మాటలు మానేస్తే, వెనుకనుంచి అతడే "తొక్కు" అంటూ వచ్చాడు. పైన అతడు శ్రీనివాసుడి గుడి గడప మీద కూర్చొని, కింద ఉత్తరాన రైలు వెళుతున్న చప్పుడు విని, అది ఏ వైపు మలుపు తిరిగిందో చెప్పాడు. నేను చూసి సరిచూసుకున్నాను, సరిగ్గానే చెప్పాడు.

దిగేటప్పుడు మాత్రం భయం వేసింది. ఇద్దరి బరువుకు వెనుక బ్రేకు చాలలేదు. రెండు మలుపుల తరువాత చక్రం అంచు చేయి పెట్టలేనంత వేడెక్కి, కాలిన రబ్బరు వాసన వచ్చింది. మిగతా దారి అంతా దిగి నడిపించుకుంటూ వచ్చాము. మా బావమరిది ఉగాది సెలవులకు మళ్ళీ అక్కడికే పోదామంటున్నాడు. జంట సైకిల్‌తో కొండ రోడ్లు దిగినవారు ఎవరైనా ఉంటే, డిస్కు బ్రేకులు వేయించుకుంటే సరిపోతుందా, లేక అదనంగా మూడో బ్రేకు అమర్చుకోవాలా అన్నది దయచేసి రాయండి.